రత్నమాల పట్టుకున్న క్లోరైడ్

1962 మార్చి. హనుమకొండలో మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో నేను డిమాన్‌స్ట్రేటర్‌ని. పేరు పెద్దది, కుర్చీ చిన్నది. లెక్చరర్ గారు క్లాసులో పాఠం చెప్పి వెళ్లిపోతే, ఆ పాఠాన్ని ల్యాబులో పిల్లల చేత చేయించేవాడే డిమాన్‌స్ట్రేటర్. సీసాలు నింపించడం, పగిలిన టెస్ట్ ట్యూబులకు సంజాయిషీ రాయడం, పరీక్షల ముందు సాల్టుల పొట్లాలు కట్టడం నా పనులు. ఉద్యోగం టెంపరరీ. ఉంటుందా ఊడుతుందా అని ఏటా జూన్ దాకా ఎదురుచూడటం దానికి కొసరు. మడికొండ నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవాణ్ణి.

ఈ వృత్తిలో ముప్పై ఏళ్లు గడిపాను. యాసిడ్‌తో చొక్కాలు కాల్చుకున్నవాళ్లను, పరీక్ష రోజున స్పిరిట్ దీపం తన్నేసి బెంచీ అంటించినవాళ్లను చూశాను. ఆ కథలు నలుగురిలో నవ్వుతూ చెప్తాను. ఈ ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు, నోటితో చెప్పడం చేతకాక ఇన్నేళ్లకు రాస్తున్నాను.

ఆ సంవత్సరం బి.ఎస్సీ. ఆఖరి క్లాసులో మగపిల్లల మధ్య ఒక్కతే ఆడపిల్ల ఉండేది. పేరు రత్నమాల. వరంగల్ బజారులో వాళ్ల నాన్న వీరయ్య సేటుకు రంగుల దుకాణం. జంపఖానాలు నేసేవాళ్లు నూలుకు అద్దే రంగులు, పటిక, నవాసాగరం, అన్నభేది అన్నీ ఆయన దగ్గరే కొనేవాళ్లు. ల్యాబులో మొదటి రోజు నేను కాపర్ సల్ఫేట్ సీసా ఎత్తి చూపిస్తే, "ఇది మా దుకాణంల బస్తాలకు బస్తాలే ఉంటది సార్, మైలుతుత్తం" అంది. క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం ముచ్చటేసింది. సీసాల మీది ఇంగ్లీషు పేర్లు చూసి బెదిరిపోయే పిల్లల మధ్య, వాటిని ఇంటి చుట్టాల్లా పేరు పెట్టి పిలిచే పిల్ల దొరికింది.

ఆమె చదువుకు ఇంట్లో అడ్డంకి పుస్తకాలతో రాలేదు, వాసనతో వచ్చింది. సాల్టులు పరీక్షించడానికి మేము వాడే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాసు అచ్చం మురిగిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. వాళ్లది గుడ్డు గడప దాటని ఇల్లు. ల్యాబు ఉన్న రోజున వాళ్ల నానమ్మ పెరటి గుమ్మం దగ్గరే రెండు బిందెల నీళ్లు పెట్టుకుని కూర్చునేదట. స్నానం చేసి, బట్టలు తడిపితేనే లోపలికి రానిచ్చేది. "మా నానమ్మ కెమిస్ట్రీ అంటే గుడ్ల దుకాణం అనుకుంటాంది సార్" అని రత్నమాల నవ్వుతూ చెప్పేది.

శనివారం సాయంత్రం నాలుగింటికి మా కెమిస్ట్రీ అసోసియేషన్ కూడేది. అసోసియేషన్ అంటే బోర్డులూ బ్యానర్లూ అనుకునేరు. ఎనిమిది స్టూళ్లు, ఒక కెటిల్ చాయ్, మూడు నెలలు ఆలస్యంగా ఓడ మీద వచ్చే ఒక విదేశీ పత్రిక, అంతే. ప్రపంచంలో కెమిస్ట్రీలో ఏం జరుగుతోందో నేను చదివి వినిపించేవాణ్ణి. రత్నమాల దాన్ని తెలుగులో రాసి ల్యాబు బయట గోడకు అంటించేది. ఒకసారి జడవాయువుల గురించి మాట వచ్చింది. అవి వేటితోనూ కలవని వాయువులని అందరం చదువుకున్నదే.

"ఎందుకు కలవయి సార్? ఎవరన్న కలిపి చూసిన్రా?" అంది.

"పుస్తకంలో అట్లనే ఉన్నది కదమ్మా" అన్నాను. ఆమె ఊరుకుంది కానీ ఒప్పుకోలేదని మొహం చెప్పింది. నా పదవిని చూసి తల ఊపేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. అలా అడిగే మనిషి దొరికితే చెప్పేవాడికి కూడా ప్రాణం లేచొస్తుంది.

ఆమెకు కోరిక ఒక్కటే, హైదరాబాద్ వెళ్లి ఎమ్మెస్సీ చదవడం. వీరయ్య సేటు ఒకరోజు ల్యాబుకే వచ్చాడు. సీసాలన్నీ కలియజూసి, స్టూలు మీద సగమే కూర్చుని చెప్పాడు.

"సారూ, ఫస్ట్ క్లాసొస్తే పంపుత. మా బామ్మర్ది ఇల్లు ఆడనే ఉన్నది, ఉండనీకి ఫికర్ లేదు. రాకపోతే మాత్రం చదువు బంద్. ఇంట్ల అందరి ముందట చెప్పిన మాట ఇది. రేపు నేను మాట తప్పితే మా అన్నదమ్ములు నన్ను ఊకోరు."

"వస్తది సేటూ. నాది పూచీ" అన్నాను. అడక్కుండానే ఇచ్చిన పూచీ అది. ఆమె తెలివి మీద నాకు అంత నమ్మకం. నా మీద నాకు అంతకంటే ఎక్కువ నమ్మకం.

ఇక్కడ మా పరీక్ష సంగతి కొంచెం చెప్పాలి. సాల్ట్ అనాలిసిస్ అంటే, ప్రతి విద్యార్థికీ ఒక పొట్లంలో తెల్లటి పొడి ఇస్తాం. అందులో ఏమేం కలిసి ఉన్నాయో మూడు గంటల్లో కనిపెట్టి రాయాలి. నీళ్లలో కరిగించి, నైట్రిక్ యాసిడ్ వేసి, సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే తెల్లగా విరిగిందంటే క్లోరైడ్ ఉన్నట్టు. అయితే మనం తాగే నీళ్లలోనే క్లోరైడ్ ఉంటుంది. అందుకని నీళ్లను ఆవిరి చేసి, ఆ ఆవిరిని చల్లార్చి పట్టిన డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడాలి. ప్రతి బెంచీ మీదా వాష్ బాటిల్ అనే ముక్కు సీసాలో ఆ నీళ్లు పెడతాం. డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడూ చాలేది కాదు కాబట్టి మా ల్యాబులో ఒక అలవాటు స్థిరపడిపోయింది. "కొంచెం తెల్లబడితే పట్టించుకోకండి, పెరుగులా విరిగితేనే రాయండి" అని పిల్లలకు మొదటి ఏడే నేర్పేసేవాళ్లం. తప్పును సరిచేయలేక, తప్పుతో కాపురం చేయడం నేర్పామన్నమాట.

నీళ్లు పట్టే పని అటెండర్ యాకూబ్ భాయ్‌ది. బొగ్గుల పొయ్యి మీద రాగి బాయిలర్ పెట్టి, పొద్దస్తమానం దాని ముందు కూర్చునేవాడు. రత్నమాల వాళ్ల బ్యాచ్‌కు పరీక్ష మధ్యాహ్నం. ఆ ఉదయం ఆయన మసి చేతులతో నా దగ్గరికి వచ్చాడు.

"సాబ్, బాయిలర్ గొట్టం మాటు ఊడింది. నీళ్లు దిగుతలేవు. ఉన్నయి రెండు సీసలే, మధ్యాహ్నం బ్యాచ్‌కు చాలయి."

"సగానికి సగం నల్లా నీళ్లు కలుపు."

"నల్లాల ధర్మసాగర్ నీళ్లొస్తున్నయి సాబ్, ఎండకాలం బ్లీచింగ్ మస్తు ఏస్తాన్రు. సిల్వర్ నైట్రేట్ పట్టుకుంటది."

"జర తెల్లగైతే ఎవరు చూస్తరు? పిల్లలకు చెప్పిందే గదా" అన్నాను.

మా డిపార్ట్‌మెంట్ హెడ్ గారి దగ్గరికి వెళ్లి నీళ్లు లేవని చెప్పవచ్చు. పరీక్ష ఒక పూట వాయిదా వేయవచ్చు. బ్యాటరీల దుకాణంలో డిస్టిల్డ్ వాటర్ అమ్ముతారు, మనిషిని పంపించవచ్చు. ఇవేవీ చేయలేదు. వేరే ఊరి నుంచి పెద్ద ఎగ్జామినర్ వచ్చి ఉన్నారు. నా ఉద్యోగం పర్మనెంట్ చేసే కాగితం హెడ్ గారి బల్ల మీద ఉంది. ఆ పూట నాకు నీళ్లకంటే ఆ కాగితమే కనిపించింది.

పరీక్ష మొదలైంది. మిగతా పిల్లలకు పెద్ద ఇబ్బంది రాలేదు. పొద్దుటి బ్యాచ్ వాళ్లు బయటికి వెళ్తూ ఏ నంబరు పొట్లంలో ఏముందో మధ్యాహ్నం బ్యాచ్ వాళ్ల చెవుల్లో ఊదడం మా దగ్గర పాత ఆచారం. రత్నమాలకూ చెప్పబోతే చెవులు మూసుకుని వెళ్లిపోయిందని తర్వాత విన్నాను. తనకు తానే కనిపెట్టాలన్నది ఆమె పట్టుదల.

గంట గడిచాక ఆమె నా దగ్గరికి వచ్చింది. చేతిలో రెండు ట్యూబులు. రెంటిలోనూ మేము వదిలేయమన్న కొద్దిపాటి తెలుపు కాదు, చిక్కటి తెలుపు.

"సార్, ఇండ్ల సాల్ట్ ఉన్నది. ఇండ్ల ఏం లేదు, ఉత్త నీళ్లే. రెండూ ఒక్కతీరే తెల్లగైనయి. క్లోరైడ్ ఉంటే పొడిగా చేసే టెస్ట్ల ఎర్ర పొగ రావాలె, రాలే. నా సాల్ట్‌ల క్లోరైడ్ లేదు సార్. నీళ్లల్లనే ఉన్నది. జర చూడుండ్రి."

సాల్ట్ లేకుండా ఉత్త నీళ్లతో చేసి చూసేదాన్ని బ్లాంక్ టెస్ట్ అంటారు. మేము దాన్ని పాఠంలో చెప్పేవాళ్లమే తప్ప, మా ల్యాబులో చేసినవాళ్లు లేరు. ఆమె పొట్లంలో క్లోరైడ్ లేదని నాకు తెలుసు. ఆ పొట్లం కట్టింది నేనే. అంటే ఆ గదిలో ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, తలుపు దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడ్డ యాకూబ్ భాయ్ కాక.

"ట్యూబులు సరిగ కడగలేదేమో చూసుకో అమ్మా" అన్నాను.

"మూడుసార్లు కడిగిన సార్. కడిగింది గూడ ఈ నీళ్లతోనే గదా."

మా మాటలు విని ఎగ్జామినర్ గారు వచ్చారు. "ఏమిటమ్మా గొడవ?" అన్నారు. ఆమె రెండు ట్యూబులూ ఎత్తి చూపించి మళ్లీ చెప్పింది. ఆయన నా వైపు తిరిగి, "ఏమండీ, ఇది డిస్టిల్డ్ వాటరేనా?" అని అడిగారు.

"అవునండీ, డిస్టిల్డ్ వాటరే" అన్నాను.

అంత సులభంగా వచ్చింది ఆ మాట. యాకూబ్ భాయ్ తువ్వాలుతో మొహం తుడుచుకుని బయటికి వెళ్లిపోయాడు. ఎగ్జామినర్ గారు నవ్వి, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస. వెళ్లి పని చూసుకో" అన్నారు. నాలుగు బెంచీల వాళ్లు కిసుక్కుమన్నారు.

రత్నమాల నా మొహం చూసింది. కోపంగా కాదు. నేను అబద్ధం చెప్తానన్న ఆలోచనే ఆమెకు రాలేదు. తన చేతిలోని ట్యూబును ఒకసారి చూసుకుంది, నన్ను ఒకసారి చూసింది, రెంటిలో నన్నే నమ్మింది. వెనక్కి వెళ్లి అన్ని ట్యూబులూ మళ్లీ కడిగి, మొదటినుంచీ మొదలుపెట్టింది. ఎన్నిసార్లు చేసినా అదే తెలుపు. మరో గంట అందులోనే పోయింది.

జవాబు కాగితాలు తీసుకున్నది నేనే. ఆమె కాగితంలో "క్లోరైడ్ లేదు, నీళ్లలో ఉన్నది" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం చక్కటి అక్షరాలతో ఉంది. దాని మీద అడ్డంగా గీత. కింద "క్లోరైడ్ ఉంది" అని రాసింది. పొట్లంలో ఉన్న రెండు లోహాల్లో ఒకటి కనిపెట్టడానికి ఆమెకు టైమే మిగల్లేదు. ఆ గీత ఎందుకు పడిందో నాకు తెలుసు. అయినా కాగితాలు సర్ది, దారం కట్టి, ఇచ్చేశాను.

రిజల్ట్ వచ్చింది. రాతపరీక్షల్లో కాలేజీలో ఆమెవే ఎక్కువ మార్కులు. ప్రాక్టికల్ దెబ్బకు ఫస్ట్ క్లాస్ కొద్దిలో తప్పిపోయింది. అదే వారం నా ఉద్యోగం పర్మనెంట్ అయినట్టు కాగితం వచ్చింది. మా అమ్మ వీధిలో అందరికీ పేడాలు పంచింది. నాకు ఒక్కటీ మింగుడుపడలేదు.

సర్టిఫికెట్లు తీసుకోవడానికి ఆమె రాలేదు, వీరయ్య సేటు వచ్చాడు. ల్యాబు గుమ్మం దాకా వచ్చి ఆగాడు.

"పూచీ అన్నరు గదా సారూ" అన్నాడు. నిలదీసినట్టు కాదు, ఎక్కడో లెక్క తప్పిందేమో అడిగి తెలుసుకుందామన్నట్టు. "పిల్లే ఏదో తప్పు జేసిందట. పోనీయుండ్రి. నేను మాటిచ్చిన్నాయె, ఏం జేద్దు?"

ప్రాక్టికల్ పరీక్షలో పొరపాటు జరిగిందని కాలేజీ రాసి పంపితే, రిజల్ట్ వచ్చిన నెల లోపల మళ్లీ పరీక్ష పెట్టే వీలుండేది. నేను రాసి ఇస్తే చాలు. రెండుసార్లు రాశాను. రెండుసార్లూ "నల్లా నీళ్లు" అన్న మాట దగ్గరే కలం ఆగింది. చింపేశాను. నెల గడిచింది.

తర్వాత శనివారాలు చప్పబడ్డాయి. గోడ మీది పాత కాగితం ఎండకు వెలిసి రాలిపోయింది, కొత్తది రాసేవాళ్లు లేరు. ఎవరైనా ప్రశ్న అడిగితే బాగుండునని నేనే వాళ్ల మొహాలు చూసేవాణ్ణి. అందరూ నోట్సు రాసుకునేవాళ్లు.

ఆ చలికాలంలో వచ్చిన పత్రికలో ఒక వార్త చూశాను. జినాన్ అనే జడవాయువును ఎవరో ఇంకో పదార్థంతో కలిపి చూశారు. అది కలిసింది. మేము పాఠంగా చెప్పినదంతా ఒక్క నారింజరంగు పొడితో తలకిందులైంది. ఆ వార్త చెప్పాల్సిన మనిషి లోకంలో నాకు ఒక్కతే ఉంది. శనివారం ఏడుగురికి చదివి వినిపించి, సోమవారం పత్రిక సంచిలో పెట్టుకుని వరంగల్ బజారుకు వెళ్లాను.

వీరయ్య సేటుకు కంటికి పొర వచ్చి మసకగా కనబడుతోందట. దుకాణంలో గద్దె మీద రత్నమాల కూర్చుని ఉంది. ఎదురుగా ఒక జంపఖానాల ఆయన ఎర్ర నూలు చిలప చూపించి గునుస్తున్నాడు. "రంగు ఒక్కతీరు అంటుతలేదు బిడ్డా, మచ్చలు మచ్చలు వడుతాంది. మీ రంగే కల్తీ ఉన్నది."

"రంగు మంచిదే పెద్దనాయినా. ఏ బాయి నీళ్లు వాడుతున్నవు? రేపు ఒక సీసల పట్టుకరా, చూస్త" అంది ఆమె. ఆయన గొణుక్కుంటూ పోయాడు.

నన్ను చూసి లేచి నిలబడింది. నేను పత్రిక తెరిచి ఆ పేజీ చూపించాను. నిలబడే చదివింది. చదువుతుంటే పెదవులు కదులుతున్నాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి, మొహం మాత్రం వెలిగిపోయింది.

"కలిసిందా సార్!"

"కలిసింది."

"శనివారం చదివిన్రా? ఎంతమంది వచ్చిన్రు?"

"ఏడుగురు."

"నేనుంటే ఎనిమిది" అంది. అని, పత్రిక మూసి, దాని అట్ట మీద చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

అప్పుడు చెప్పాను. నీళ్ల సంగతి, కలపమన్నది నేనేనన్న సంగతి, అంతా. దుకాణం ముందు రిక్షాలు పోతూనే ఉన్నాయి. ఆమె అడ్డు రాకుండా విన్నది.

"నాకు ఎరికే సార్. పరీక్షైన సాయంత్రమే యాకూబ్ భాయ్ ఇంటికొచ్చి చెప్పిండు. ఏడ్చిండు పాపం."

"మరి మీ నాయినకు చెప్పలేదా? ఎవ్వరికీ చెప్పలేదా?"

"చెప్తే నాయిన కాలేజీకొచ్చి లొల్లి చేస్తుండె. యాకూబ్ భాయ్ నౌకరి పోతుండె. ఆయన మాట ఎవరు వింటరు, నా మాట ఎవరు వింటరు? మీరు రాసిస్తేనే గదా అయ్యేది." పత్రిక అట్ట మీంచి చెయ్యి తీసింది. "నెలంత చూసిన సార్. మీరు సైకిల్ మీద మా దుకాణం ముందల్నుంచి రెండుసార్లు పోయిన్రు. రెండోసారి జర మెల్లగ గూడ పోయిన్రు. ఆగుతరనుకున్న."

అవును, వెళ్లాను. ఆగుదామనే వెళ్లాను. గల్లా మీద ఆమె లేదు, లోపల ఎక్కడో ఉందనుకుని తొక్కుకుంటూ వెళ్లిపోయాను. ఆమె చూస్తోందని నాకు ఆ రోజు దాకా తెలియదు.

"ఇప్పుడు రాస్తాను. ప్రిన్సిపాల్‌కూ యూనివర్సిటీకీ రాస్తాను" అన్నాను.

"ఇప్పుడు రాస్తే మీ నౌకరి పోతది, నా ఏడాది రాదు. వద్దు సార్" అంది. గొంతులో కసి లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. "ఈ పుస్తకం రెండు దినాలు ఉంచుకోనా? మళ్ల చదువుత."

ఉంచుకోమన్నాను. రెండు రోజులకు యాకూబ్ భాయ్ చేత తిరిగి పంపింది.

ఆ తర్వాత నేను లెక్చరర్‌నయ్యాను, పెద్ద ల్యాబు వచ్చింది, కరెంటుతో నడిచే డిస్టిలేషన్ యంత్రం వచ్చింది. ఏ విద్యార్థి వచ్చి "సార్, ఇది తప్పొస్తోంది" అన్నా, వాడి ఎదుటే ముందు మా నీళ్లు పరీక్షించేవాణ్ణి. నూటికి తొంభైసార్లు తప్పు వాడి మురికి ట్యూబుదే. మిగతా పదిసార్లు మాది. అప్పుడు క్లాసంతా వినేలా "తప్పు మాది" అని చెప్పేవాణ్ణి. కొత్త డిమాన్‌స్ట్రేటర్లు నాకు చాదస్తమనుకునేవాళ్లు. అనుకోనీ.

ఈ సంగతి నాకు నేర్పింది కెమిస్ట్రీ కాదు. నిజం ఎప్పుడు చెప్పినా నిజమేనని పెద్దలు అంటారు. అందులో సగమే ఒప్పుకుంటాను. నిజానికి కూడా ఆఖరు తేదీ ఉంటుంది. అది దాటాక చెప్పే నిజం చెప్పినవాడి గుండె బరువు దించుతుంది తప్ప, విన్నవాళ్ల బతుకులో ఒక్క రోజును కూడా వెనక్కి తేదు. నా బరువూ ఏమంత దిగలేదు. ఇప్పుడు నాకు సైకిలూ లేదు, తొక్కే మోకాళ్లూ లేవు. అయినా ఆ నెలలో ఏదో ఒక్క రోజు తిరిగి దొరికితే, ఆ దుకాణం ముందు దిగుతాను.